సీలు చింపండి, బ్యాగు సగం ఖాళీగా ఉంచండి

విదేశీ విమానాశ్రయాల్లో ఎలక్ట్రానిక్ సామానుతో చెకింగ్ దాటడానికి, వింటే తప్పనిపించే పది సలహాలు

విదేశం వెళ్లేవాళ్లకి సలహాలకు కొదవుండదు. పెదనాన్న కొడుకు ఒకటి చెబుతాడు, ట్రావెల్ ఏజెంటు ఇంకొకటి చెబుతాడు, ముందే వెళ్లిన సీనియర్ వాట్సాప్‌లో పేద్ద జాబితా పంపిస్తాడు. కొత్త ల్యాప్‌టాప్ పెట్టె విప్పకుండా తీసుకెళ్లు. వైర్లన్నీ ఒక్క పౌచ్‌లో కుక్కెయ్. అడిగితే తప్ప ఏదీ బయటికి తీయకు. చిన్న క్యూ చూసుకుని దూరిపో. ఎవరు చెప్పినా సారం ఒకటే: తొందరగా దాటేసెయ్.

నేను చెప్పేవి దీనికి పూర్తిగా ఎదురు. చెకింగ్ దాటేయాలని చూడకండి. మీ సామాను పూర్తిగా కనిపించేలా చూసుకోండి. బెల్టు అవతల తెర ముందు కూర్చున్న మనిషికి మీ బ్యాగు ఒక రంగుల బొమ్మగా కొన్ని సెకన్లే కనిపిస్తుంది. ఆ బొమ్మలో ఏది ఏమిటో తెలిస్తే బ్యాగు మీ చేతికొస్తుంది. తెలియకపోతే పక్క బల్ల మీదికి పోతుంది. అక్కడ మీ బట్టలూ, మందులూ, మాత్రలూ పదిమంది ముందు బయటపడతాయి. కనెక్షన్ ఫ్లైటుకి టైమ్ తక్కువగా ఉన్నప్పుడు ఆ బల్ల దగ్గర నిలబడ్డవాళ్ల ముఖాలు చూస్తే ఈ సలహాలు ఎందుకు రాస్తున్నానో అర్థమవుతుంది.

ఎలక్ట్రానిక్ సామాను మీద చెకింగ్ సిబ్బందికి అంత అనుమానం ఎందుకంటే, జరిగినవి అలాంటివి. 1985 జూన్ 23న ఎయిరిండియా ‘కనిష్క’ విమానాన్ని ఐర్లండ్ తీరానికి దగ్గర్లో సముద్రం మీద పేల్చేశారు. 329 మంది పోయారు. అదే రోజు టోక్యో నరిటా విమానాశ్రయంలో, ఇంకో ఎయిరిండియా విమానంలోకి ఎక్కించాల్సిన సూట్‌కేసు పేలి సామాను మోసే ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఆ బాంబును పెట్టింది ఒక స్టీరియో ట్యూనర్‌లో. 1988 డిసెంబరు 21న స్కాట్లండ్‌లోని లాకర్‌బీ మీద పాన్యామ్ విమానం పేలిపోయి, నేల మీదున్న వాళ్లతో కలిపి 270 మంది చనిపోయారు. అక్కడ బాంబు రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో ఉంది. 2016 ఫిబ్రవరిలో మొగదిషు నుంచి లేచిన డాలో ఎయిర్‌లైన్స్ విమానానికి గాల్లో పేలుడు జరిగి కన్నం పడింది. ఆ పేలుడు పదార్థాన్ని ల్యాప్‌టాప్‌లో దాచి చెకింగ్ దాటించారు. అందుకే మన ల్యాప్‌టాప్ కూడా ఏ అనుమానమూ మిగలకుండా కనిపించాలి.

1. కొత్త వస్తువు సీలు ఇంట్లోనే చింపండి

గల్ఫ్‌లో ఒక ట్రాన్సిట్ చెకింగ్ దగ్గర నా ముందు ఒక పెద్దావిడ నిలబడింది. అమెరికాలో మనవరాలి పుట్టినరోజుకని ట్యాబ్లెట్ తీసుకెళ్తోంది. పెట్టె మీది ప్లాస్టిక్ పొర కూడా ఊడలేదు. ఆన్ చేసి చూపించమన్నాడు ఆఫీసరు. ఆవిడ గోటితో సీలు గీకుతుంది, అది రాదు. ఎలాగో వచ్చాక, బటన్ ఏ పక్కనుందో తెలియదు. నొక్కితే తెర మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు ఒకసారి మెరిసి ఆరిపోయింది. “ఆంటీ, కంగారు పడకండి, ఇటివ్వండి” అని వెనకున్న కుర్రాడు తన కేబుల్ తీసి గోడకున్న ప్లగ్గులో పెట్టాడు. తెర వెలిగేదాకా ఆవిడ బోర్డింగ్ పాస్‌ని రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

పని చేసే వస్తువని నిరూపించడానికి అన్నిటికంటే తేలికైన దారి దాన్ని వెలిగించి చూపించడం. 2014 జులైలో అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ ఈ సంగతి సూటిగానే ప్రకటించింది: కొన్ని విదేశీ విమానాశ్రయాల నుంచి నేరుగా అమెరికా వచ్చే విమానాల్లోకి ఆన్ కాని పరికరాలను అనుమతించబోమని. అందుకే కానుకైనా సరే, ఇంట్లోనే పెట్టె విప్పండి. పూర్తిగా ఛార్జ్ చేయండి. ఒకసారి ఆన్ చేసి, భాష ఎంచుకునే తెర దాకా తీసుకొచ్చి ఆపండి. ఖాళీ పెట్టెను మడిచి సూట్‌కేసులో వేస్తే, అక్కడికి వెళ్లాక మళ్లీ అందులో పెట్టి ఇవ్వొచ్చు. మనవరాలికి ఏ లోటూ ఉండదు.

అటక మీది పాత ల్యాప్‌టాప్‌కీ ఇదే మాట. ఆన్ కాకపోతే తీసుకెళ్లకండి. కింది భాగం ఉబ్బినట్టుంటే అసలు ముట్టుకోకండి, అది బ్యాటరీ వాపు. కంపెనీ వెనక్కి పిలిచిన మోడలేమో కూడా చూసుకోండి. 2019లో ఆపిల్ తన 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలు కొన్నిటిని బ్యాటరీ వేడెక్కుతోందని వెనక్కి పిలిస్తే, అమెరికాలోనూ మన దేశంలోనూ విమానయాన అధికారులు వాటిని విమానాల్లోకి తేవొద్దన్నారు.

2. ఏడు కిలోలు ఇచ్చారని ఏడు కిలోలూ నింపకండి

హ్యాండ్ లగేజీ బరువు ఉచితంగా వచ్చిందే కదా అని నింపేస్తాం. అక్కడే చిక్కొస్తుంది. ఎక్స్‌రే తెర మీద ఆహారం, బట్టలు, కాగితం, ప్లాస్టిక్ లాంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. గట్టి లోహాలు నీలంగా ఉంటాయి. మధ్యరకానివి ఆకుపచ్చగా వస్తాయి. పేలుడు పదార్థాలు కూడా ఎక్కువగా ఆ నారింజ రంగు కుటుంబంలోనివే. ఇప్పుడు మీ బ్యాగును ఆ తెర మీద ఊహించుకోండి: అడుగున ల్యాప్‌టాప్, దాని మీద ఛార్జర్, దాని మీద హార్డ్ డిస్క్, చుట్టూ నాలుగు వైర్లు, పైన మందమైన పుస్తకం. ఒకదాని మీద ఒకటి పడి నల్లటి ముద్దలా కనిపిస్తుంది. అందులో ఏముందో ఏ నిపుణుడికీ తెలియదు. బ్యాగు విప్పక తప్పదు.

బ్యాగు సగం ఖాళీగా ఉంటే వస్తువులు పక్కపక్కనే పడుకుంటాయి. ల్యాప్‌టాప్ వీపు వైపు అరలో ఒంటరిగా ఉండాలి. ఛార్జర్ ఇటుక దాని మీదికి రాకుండా కింద ఒక మూలన పెట్టండి. ప్రతి వైరునూ విడిగా చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. హార్డ్ డిస్కు, కెమెరా, పవర్ బ్యాంక్ అన్నీ ఒక పారదర్శకమైన జిప్ సంచిలో వేసి అన్నిటికంటే పైన పెట్టుకోండి. తీయమంటే ఒక్క చేత్తో తీసి ట్రేలో పెట్టేయొచ్చు.

ఎక్స్‌రేలో హార్డ్ డిస్కులోని పెళ్లి ఫోటోలు చెరిగిపోతాయని భయపడి జేబులో దాచేవాళ్లున్నారు. చెరిగిపోవు. మెమరీ కార్డుకీ ఏమీ కాదు. ఫిల్మ్ కెమెరా రీళ్లకు మాత్రం కొత్త సీటీ యంత్రాలు హాని చేస్తాయి. రీళ్లుంటే చేతితో చూడమని అడగండి.

3. అమ్మ చేతి సున్నుండలను ల్యాప్‌టాప్‌కి దూరంగా పెట్టండి

సూట్‌కేసు బరువు మించిపోయిందని విమానాశ్రయంలో కౌంటరు ముందే మూత విప్పి, సున్నుండల డబ్బా, కారప్పొడి ప్యాకెట్టు, అరిసెలు లాగి హ్యాండ్ బ్యాగులోకి మార్చే దృశ్యం శంషాబాద్‌లో రోజూ కనిపించేదే. ఆ డబ్బా నేరుగా ల్యాప్‌టాప్ పక్కన చేరుతుంది. నెయ్యీ మినప్పిండీ కలిపి ఒత్తిన గట్టి ఉండలు తెర మీద చిక్కటి నారింజ ముద్దలు. పక్కనే వైర్లు, బ్యాటరీ. ఆ మనిషికి శిక్షణలో ఏం వెతకమని నేర్పారో అచ్చం అలాంటి బొమ్మే మనం తయారు చేసి పంపిస్తున్నాం.

పొడులకు వేరే నిబంధన కూడా ఉంది. అమెరికా వెళ్లే విమానాల్లో హ్యాండ్ లగేజీలో 350 మిల్లీలీటర్లకు మించిన పరిమాణంలో పొడులుంటే అదనపు తనిఖీ చేస్తారు. ఏమిటో తేలకపోతే లోపలికి రానివ్వరు. 2018 జూన్ 30 నుంచి విదేశాల నుంచి వెళ్లేవాళ్లకి ఇది అమలవుతోంది. నల్లకారం, కందిపొడి, పసుపు, సాంబారు పొడి అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అందుకే ఇంట్లోనే తూకం వేసుకుని, తినేవన్నీ సూట్‌కేసులో సర్దండి. బరువు మించితే మూడో జీన్స్ ప్యాంటు వదిలేయండి, అమ్మ డబ్బా వదలకండి. హ్యాండ్ బ్యాగులోకే రావాల్సి వస్తే, ఎలక్ట్రానిక్స్‌కి ఒక సంచి, తిండికి ఇంకొకటి పెట్టుకోండి.

4. మంట అంటుకోగల వస్తువును మీ దగ్గరే ఉంచుకోండి

ప్రమాదకరమైనది మనుషుల మధ్య ఎందుకు, కింద సామానులో పడేస్తే పోలా అనిపిస్తుంది. లిథియం బ్యాటరీ విషయంలో ఇది తలకిందులు. పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చెకిన్ సామానులో వేయడం నిషిద్ధం. అవి క్యాబిన్‌లోనే ఉండాలి.

కారణం ఉంది. లిథియం బ్యాటరీ లోపల షార్ట్ అయితే ఒక సెల్ వేడి పక్క సెల్‌కి పాకి తనంతట తానే మండుతూ పోతుంది. సామాను గదిలోని మంటలార్పే వాయువు పైమంటను అణచగలదు గానీ, బ్యాటరీ లోపలి వేడిని చల్లార్చలేదు. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి లేచిన యూపీఎస్ సరుకు విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుంది. కాక్‌పిట్ నిండా పొగ కమ్మింది. పైలట్లిద్దరూ చనిపోయారు. అదే మంట సీట్ల మధ్య వస్తే సిబ్బందికి కనబడుతుంది. అక్కడికి చేరగలరు, ఆర్పి, నీళ్లు పోసి చల్లార్చగలరు.

కాబట్టి పవర్ బ్యాంక్ మీ కాళ్ల దగ్గరి సంచిలో ఉండాలి, తలపైన అరలో కాదు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న ఎయిర్ బుసాన్ విమానంలో తలపైన అరలోంచి మంటలొచ్చాయి. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు, విమానం మాత్రం కాలిపోయింది. మార్చి 1 నుంచి కొరియా విమానాల్లో పవర్ బ్యాంకును పైన పెట్టడాన్ని నిషేధించారు. విడి బ్యాటరీల కొనల మీద టేపు అంటించండి, లేదా ఒక్కోదాన్ని ఒక్కో చిన్న కవర్లో వేయండి. తాళంచెవో చిల్లర నాణెమో తగిలి షార్ట్ కాకుండా ఉంటుంది.

5. పెద్ద పవర్ బ్యాంక్ కొనకండి

దూర ప్రయాణం కదా, పెద్దది కొనుక్కో అంటారు షాపువాళ్లు. చిన్నది కొనండి. విమానయానంలో ఎంఏహెచ్ లెక్క చూడరు, వాట్ అవర్ చూస్తారు. ఎంఏహెచ్‌ని వోల్టులతో గుణించి 1000తో భాగించండి. మామూలుగా వోల్టులు 3.7 ఉంటాయి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు. 27,000 అంటే 99.9. 30,000 అంటే 111. హద్దు 100. అది దాటి 160 లోపు ఉంటే ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి, అదీ రెండింటికి మించి ఇవ్వరు. 160 దాటితే దారే లేదు.

మనవాళ్లు ఎక్కువగా ఎక్కే ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి ఇంకా బిగించింది. ఒక్కరికి ఒక్క పవర్ బ్యాంకే, అదీ 100 వాట్ అవర్ల లోపు. విమానంలో దానితో ఫోన్ ఛార్జ్ చేయకూడదు, దాన్ని ఛార్జ్ చేయకూడదు. చైనాలో 2025 జూన్ 28 నుంచి దేశీయ విమానాల్లో ఆ దేశపు త్రీసీ భద్రతా ముద్ర లేని పవర్ బ్యాంకును రానివ్వరు. మెడిసిన్ చదివే పిల్లలు గ్వాంగ్‌జౌలో దిగి ఇంకో ఊరికి విమానం మారేది దేశీయ టెర్మినల్లోనే. ఇండియాలో కొన్నది ఎంత మంచిదైనా అక్కడ డబ్బాలోకి పోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట: పవర్ బ్యాంక్ మీది అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. అంకెలు అరిగిపోయి కనిపించకపోతే దాని సామర్థ్యం ఎంతో తేల్చే మార్గం ఉండదు. అందమైన తొడుగులు వేయకండి, స్టిక్కర్లు అంటించకండి. అక్షరాలు పోయినవి ఇంట్లోనే వాడుకోండి.

6. గేటు దగ్గర బ్యాగు అడిగితే వెంటనే ఇచ్చేయకండి

పైన అరలు నిండిపోయాయి, మీ బ్యాగు కింద వేస్తాం, డబ్బులేమీ అక్కర్లేదు అంటారు గేటు దగ్గర. బరువు తగ్గింది కదా అని సంతోషంగా ఇచ్చేస్తారు చాలామంది. అందులో పవర్ బ్యాంకుంది, కెమెరా బ్యాటరీలున్నాయి. ఇప్పుడవన్నీ సామాను గదిలోకి వెళ్తున్నాయి.

“ఒక్క నిమిషం” అనండి. పక్కకు జరిగి, పారదర్శకమైన ఆ జిప్ సంచి తీసేసుకోండి. రెండో సలహాలో దాన్ని అన్నిటికంటే పైన పెట్టమన్నది ఇందుకు కూడా. ల్యాప్‌టాప్, మందులు, పాస్‌పోర్టు, చదువుకు సంబంధించిన కాగితాలు కూడా తీసుకోండి. ఇవన్నీ పట్టేలా మడతపడే ఒక గుడ్డ సంచి ముందే దగ్గర పెట్టుకోండి. ఛార్జింగ్ సదుపాయం ఉన్న స్మార్ట్ సూట్‌కేసు కొనాలనుకుంటే బ్యాటరీ ఊడి వచ్చేదే కొనండి. ఊడనివాటిని 2018 జనవరిలోనే అమెరికాలోని పెద్ద ఎయిర్‌లైన్స్ ఆపేశాయి.

7. పోయినసారి నేర్చుకున్నది మరిచిపోండి

తరచూ తిరిగేవాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు. అలవాటు వాళ్ల చేతులను నడిపిస్తుంది. ఒకే ప్రయాణంలో మూడు విమానాశ్రయాలు, మూడు పద్ధతులు. మన దేశంలో ల్యాప్‌టాప్‌తో పాటు ఛార్జరు, పవర్ బ్యాంకు కూడా ట్రేలో పెట్టమంటారు. ఆమ్‌స్టర్‌డామ్ షిపోల్‌లో సీటీ స్కానర్లున్నాయి, ల్యాప్‌టాప్ బ్యాగులోనే ఉంచమంటారు. అమెరికాలో మామూలు లైన్లలో ఫోన్ కన్నా పెద్ద పరికరం ప్రతిదీ విడి ట్రేలో, పైనా కిందా ఏమీ లేకుండా పెట్టాలి. సింగపూర్ చాంగీలో చాలా టెర్మినళ్లలో చెకింగ్ గేటు దగ్గరే జరుగుతుంది, కాబట్టి ఆఖరి నిమిషంలో గేటుకు పరుగెడితే అక్కడ క్యూ ఎదురవుతుంది. అబుదాబీలో అయితే అమెరికా వెళ్లేవాళ్లకి చెకింగూ, అమెరికా ఇమిగ్రేషనూ అక్కడే పూర్తవుతాయి. 2014 నుంచీ ఉన్న ఆ ప్రత్యేక కేంద్రం కోసం కనెక్షన్ మధ్య టైమ్ ఎక్కువుండేలా టికెట్ కొనుక్కోవాలి.

నిబంధనలు రాత్రికి రాత్రి మారతాయి కూడా. 2017 మార్చిలో దుబాయ్, దోహా, అబుదాబీతో సహా పది విమానాశ్రయాల నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో ఫోన్ కన్నా పెద్ద పరికరాలను క్యాబిన్‌లోకి రానివ్వబోమన్నారు. ఆ దారిలో వెళ్లే మన ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లను చెకిన్‌లో వేయాల్సి వచ్చింది. ఆ ఏడాది జులై కల్లా ఎత్తేశారు. అందుకే ప్రయాణానికి ముందు రోజు ఎయిర్‌లైన్స్ సైటులో చూసుకోండి. ట్రే దగ్గరికొచ్చాక ‘ల్యాప్‌టాప్ తీయాలా, ఉంచాలా’ అని అడగండి. ప్రతిసారీ అడగండి.

8. చిన్న క్యూ వెతక్కండి, అడక్కముందే చెప్పేయండి

చిన్న క్యూలోకి దూకితే సర్దుకునే టైమ్ ఉండదు. బెల్టు, వాచీ, చిల్లర, ఫోను అన్నీ వరస దాకా వచ్చాక తడుముకోవడం మొదలవుతుంది. పొడవాటి క్యూలో నిలబడండి. జేబుల్లో ఉన్నవన్నీ అక్కడే బ్యాగు పక్క అరలో వేసేయండి. ల్యాప్‌టాప్ పెట్టిన ట్రేని ముందు పంపకండి. మీ ముందున్న మనిషి స్కానర్‌లోకి నడిచాకే పంపండి, లేకపోతే మీరు ఇవతల, అది అవతల ఉండిపోతుంది. వెండి రంగు ల్యాప్‌టాప్‌లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి మూత మీద పేరూ, ఈమెయిలూ రాసిన కాగితం అంటించండి.

ఒంటిమీద యంత్రముంటే ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉన్న నాన్నగారి చేతిలో ఆసుపత్రి ఇచ్చిన కార్డుండాలి. ఇన్సులిన్ పంపు ఉంటే తయారీదారు ఏ స్కానర్‌కి పంపొద్దన్నాడో చూసుకుని, చేతితో తనిఖీ చేయమని అడగండి. నిద్రలో శ్వాసకు వాడే సీపాప్ యంత్రాన్ని విడి సంచిలో పెట్టి, అదేమిటో ఇంగ్లిషులో రాసిన డాక్టరు చీటీ జత చేయండి. ఇంగ్లిషు రాని అమ్మానాన్నలకి ప్రతి పరికరం పేరూ, వాడకమూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. ఆ చీటీ చూపిస్తే మాట్లాడాల్సిన పనే ఉండదు.

బోర్డింగ్ పాస్ మీద నాలుగు ఎస్‌లు వరసగా కనిపిస్తే మీకు అదనపు తనిఖీ ఉందని అర్థం. బెంబేలు పడకండి. గేటుకు అందరికన్నా ముందెళ్లండి, పరికరాలన్నీ ఛార్జ్‌తో ఉంచుకోండి. చిన్న గుడ్డముక్కతో ల్యాప్‌టాప్‌నీ చేతుల్నీ తుడిచి యంత్రంలో పెడతారు. పేలుడు పదార్థాల జాడ కోసం చూస్తారు. చేతులకు రాసుకునే క్రీముల్లోని గ్లిజరిన్‌కీ, పొలంలో చల్లే నైట్రేట్ ఎరువులకీ కూడా ఆ యంత్రం అరిచే అవకాశం ఉంది. ఊరినుంచి నేరుగా వచ్చేవాళ్లు చేతులు సబ్బుతో బాగా కడుక్కుని, క్రీము రాయకుండా రండి.

9. అన్నీ ఫోన్‌లో ఉన్నాయని ధైర్యపడకండి

ఫోన్ ట్రేలోకి వెళ్లగానే మీ బోర్డింగ్ పాస్, అమెరికా కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం, హోటల్ బుకింగ్, కొడుకు ఫోన్ నంబరు అన్నీ దానితో పాటే వెళ్లిపోతాయి. కాగితం మీద అచ్చు తీసుకోండి. ముఖ్యమైన రెండు నంబర్లు పాస్‌పోర్టు కవర్లో రాసి పెట్టుకోండి.

సెక్యూరిటీ చెకింగ్ వేరు, ఇమిగ్రేషన్ వేరు. మొదటివాళ్లకి మీ ల్యాప్‌టాప్ ఒక వస్తువు మాత్రమే. రెండోచోట అందులో ఉన్నది చూసే అధికారం ఉంది. అమెరికా సరిహద్దు అధికారులు ఫోన్ తెరిచి చూపించమనొచ్చు. విదేశీయులు ఒప్పుకోకపోతే ప్రవేశం ఆపేయొచ్చు కూడా. అందుకని ఫోన్ మొత్తం చెరిపేసుకుని వెళ్లమని కొందరు చెబుతున్నారు. అది చేయకండి. చదువుకోవడానికి వెళ్లే పిల్లవాడి ఫోన్‌లో ఒక్క ఫోటో, ఒక్క మెసేజి లేకపోతే, లేని ప్రశ్నలు పుట్టుకొస్తాయి. రోజూ వాడే ఫోన్‌ని ఉన్నదున్నట్టు తీసుకెళ్లండి. ఆఫీసు ల్యాప్‌టాపైతే, అధికారి తెరవమంటే ఏం చేయాలో బయల్దేరే ముందే కంపెనీని అడిగి తెలుసుకోండి.

10. షాపులో బహిరంగంగా అమ్మేదే కదా అని నమ్మకండి

ఒకచోట బొమ్మ, ఇంకోచోట నేరం. మొరాకో, ఈజిప్టు వెళ్లేవాళ్లు డ్రోన్ తీసుకెళ్తే విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. ఈ-సిగరెట్ సింగపూర్‌లో నిషేధం, మన దేశంలోనూ 2019 నుంచి నిషేధం. అమెరికాలో కొండలెక్కే మనవాళ్లు వాడే ఉపగ్రహ సందేశ పరికరాలూ, శాటిలైట్ ఫోన్లూ టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇండియాకు తెస్తే కేసవుతుంది. సెలవులకు ఊరొచ్చేటప్పుడు వాటిని అక్కడే వదిలి రండి. దిగే దేశంతో పాటు, మధ్యలో విమానం మారే దేశపు నిబంధనలు కూడా చూడండి.

చివరిగా, తనిఖీ చేస్తున్నారంటే అవమానించారని కాదు. అలాగని వాళ్లేం చేసినా నోరు మూసుకోవాలనీ కాదు. బ్యాగు మీ కళ్లెదుటే విప్పమని అడగండి. ఒంటి తనిఖీ నలుగురి ముందు వద్దనుకుంటే వేరే గదిలో చేయమనండి. మాట అర్థం కాకపోతే పైఅధికారిని పిలవమనండి. వస్తువు తీసుకుంటుంటే ఎందుకు తీసుకుంటున్నారో, తిరిగి వస్తుందో రాదో అడగండి, కాగితముంటే ఇమ్మనండి. ఇవన్నీ గొంతు పెంచకుండా అడగొచ్చు. సామాను శుభ్రంగా కనిపించేలా సర్దుకున్న మనిషి అడిగితే వింటారు కూడా.

ప్రయాణం వారంలో ఉంటే ఈ రాత్రే పని మొదలుపెట్టండి. ప్రతి పరికరాన్నీ ఆన్ చేసి చూడండి. పవర్ బ్యాంక్ వెనక అంకెలు చదివి లెక్క కట్టండి. అమ్మానాన్నలు వెళ్తుంటే వాళ్ల బ్యాగు మీరే సర్దేయకండి. పక్కన కూర్చుని వాళ్ల చేతులతోనే సర్దించండి. ఏ జిప్పులో ఏముందో వాళ్లకి తెలిసినప్పుడే, ఏ దేశంలో ఏ ఆఫీసరు అడిగినా తడబడకుండా తీసి చూపించగలరు.